ఆవిడ ఇంగ్లీషుని నేను దిద్దాను

ముప్ఫై ఆరేళ్ళకే రిటైరయ్యానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నిజానికి నేను రిటైరవలేదు. నా పని కంప్యూటరు నేర్చేసుకుంది కాబట్టి నన్ను లేవమన్నారు. లేచాను. సన్మానం కూడా చేశారు. మే నెలలో, కరెంటు లేనప్పుడు, శాలువా కప్పారు. ఆ రోజు నా కళ్ళు చెమర్చాయని కొందరు చెప్పుకున్నారట. చెమర్చింది కళ్ళొక్కటే కాదు.

పన్నెండేళ్ళపాటు అమలాపురంలో, గడియార స్తంభానికి రెండు వీధుల అవతల, చెప్పుల కొట్టు మీద గదిలో కూర్చుని అమెరికా వాళ్ళ మాటలు విని టైపు చేశాను. ఇప్పుడు యంత్రం వింటుంది, యంత్రమే టైపు చేస్తుంది. అది ఎక్కడ తప్పు విన్నదో చూసి సరిచేయడానికి కొత్త బ్యాచిని తీసుకున్నారు. వాళ్ళకి పని నేర్పేది గ్రేస్ గారు. రాజోలు ఆవిడ, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, మా ఆఫీసులో టైపు అయిన ప్రతి కాగితాన్నీ చివర సరిచూసే మనిషి. ఆవిడ ఫోన్ చేసి అడిగారు.

"రాంబాబు గారూ, కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు రాసివ్వండి. ఆ డెనీస్ గారి ఫైలు గురించి తప్పకుండా రాయాలండి."

"ఆయ్, రాస్తానండి."

"జోకులు తగ్గించండి."

"ఆయ్."

తగ్గించే ప్రయత్నం చేస్తాను. డెనీస్ అన్నది అసలు పేరు కాదు. మిగతా పేర్లు కూడా మార్చాను, నాది తప్ప. నా పేరు కోనసీమలో వీధికి ఇద్దరికి ఉంటుంది కాబట్టి భయం లేదు.

పని

అమెరికాలో డాక్టర్లు రోగి గురించి చెప్పుకున్న మాటలు, కంపెనీల మీటింగులు, ఫిర్యాదులు, విచారణలు, అన్నీ రికార్డయి రాత్రి మాకొచ్చేవి. మేం పొద్దున్న తొమ్మిదింటికి టిఫిన్ చేసి వచ్చి టైపు చేసేవాళ్ళం. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. పెడల్ ఒకసారి తొక్కితే రికార్డు మూడు సెకన్లు వెనక్కి వెళ్తుంది. అర్థం కాకపోతే మళ్ళీ తొక్కాలి. ఎంత తొక్కినా తెలియకపోతే ఆ చోట "వినబడలేదు" అని టైపు చేసి ముందుకు పోవచ్చు.

ఉద్యోగం మొత్తం ఇంతే. మా నాన్న మాత్రం సంబంధాలు చూసే ఆయనతో, "అమెరికాలో ఏం జరిగినా మావాడికి ముందే తెలుస్తుందండి" అని చెప్పారు. ఆ సంబంధం కుదరలేదు. వాళ్ళకి నాకు ఏం తెలుసో అని భయం వేసుంటుంది.

మీరు నేర్చుకోవలసిన విషయం ఒకటే ఉంది, అది ఏ మాన్యువల్‌లోనూ లేదు. ఎవరి కోసం ఎన్నిసార్లు పెడల్ తొక్కుతున్నారో గమనించుకోండి. నేను పదేళ్ళు గమనించుకోలేదు. ఇక మీదట రాసేదంతా దాని గురించే.

ఏ పేట

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది సూరిబాబు గారు. ఆఫీసు ఆయనదే. మంచి మనిషి. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తరవాత రాయడం కష్టం. ఇంటర్వ్యూలో నా టైపింగు వేగం చూశాక అడిగారు.

"మీదే ఊరండీ?"

"కొత్తపేట దగ్గరండి."

"కొత్తపేట దగ్గరంటే? ఊళ్ళో ఎటువైపు?"

ఈ ప్రశ్నకి అర్థం మీకు నేను చెప్పనక్కర్లేదు. మన వైపు కులం ఏమిటని మొహాన అడగరు, అంత మర్యాద తక్కువ వాళ్ళం కాదు. ఊరు అడుగుతారు, తరవాత పేట అడుగుతారు, తరవాత తాతగారి పేరు అడుగుతారు. ఈలోగా కాఫీ వచ్చేస్తుంది. గుడి పక్క వీధి అని చెప్పాను. ఆయన నవ్వి కాఫీ ఇంకొంచెం పోయించారు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. కాఫీ బాగుంది.

ట్రైనింగుకి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చారు. రాగానే ఆయన చేసిన మొదటి పని మా చేత "ఆయ్" మాన్పించడం. "ఫోన్లో క్లయింటు మాట్లాడుతుంటే ఆయ్, ఆయ్ ఏంటయ్యా, సినిమాలో కమెడియన్లా!" అనేవాడు. మేమందరం సిగ్గుపడి, "ఆయ్, మానేస్తామండి" అన్నాం.

తరవాత ఇంగ్లీషుని రెండు కుప్పలు పోశాడు. టీవీలో వార్తలు చదివేవాళ్ళది మంచి ఇంగ్లీషు. నల్లవాళ్ళది చెడ్డ ఇంగ్లీషు. "వాళ్ళకి గ్రామరు ఉండదు, మీరే సరిచేసి టైపు చెయ్యాలి" అన్నాడు. గోదారి యాసని కమెడియన్లకిచ్చిన దేశంలో పుట్టినవాళ్ళం. మా కింద కూడా ఒకళ్ళున్నారని ఆ రోజు తెలిసింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అందరం శ్రద్ధగా నోట్సు రాసుకున్నాం.

గ్రేస్ గారు ఒక్కరే అడిగారు, "గ్రామరు లేకుండా కోట్ల మంది ఒకళ్ళనొకళ్ళు ఎలా అర్థం చేసుకుంటారండీ?" అని. ఆయన టీ బ్రేకు ఇచ్చాడు.

గట్టిగా అరిచేవాళ్ళు తక్కువ

మీలో చాలామందికి అమెరికాలో వర్ణ వివక్ష అంటే ఎవడో ఎర్రమొహం వాడు నోటికొచ్చినట్టు తిట్టడం అన్న ఊహ ఉంటుంది. నాకూ ఉండేది. అలాంటి రికార్డులు పన్నెండేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. మిగతాదంతా మహా మర్యాదగా జరుగుతుంది. వినేవాడికి నిద్ర వస్తుంది.

ఒక అద్దె ఇళ్ళ కంపెనీ రికార్డు గుర్తుంది. తమ ఉద్యోగులు ఫోన్లో ఎలా మాట్లాడుతున్నారో చూసుకోవడానికి పంపారు. ఫోనెత్తే ఆవిడ గొంతు తేనె. ఒకాయన అడిగితే, "అయ్యో, ఆ ఇల్లు ఇప్పుడే అయిపోయిందండీ" అంది. పది నిమిషాల తరవాత ఇంకో ఆయన అదే ఇంటికి అడిగితే, "రేపు వచ్చి చూసుకోండి" అంది. ఇద్దరి రంగూ నాకు కనబడదు. ఆవిడకీ కనబడలేదు. గొంతు వింది, అంతే. నేను కూడా గొంతు విని పట్టేశాను చూడండి, అది ఆలోచించాల్సిన సంగతి. అప్పుడు ఆలోచించలేదు, లంచ్ టైమయింది.

దాని తరవాత జరిగిన మీటింగు కూడా నేనే టైపు చేశాను. ఎందుకలా చెప్పారని పై అధికారి అడిగితే, "నాకేం పట్టింపు లేదు, మిగతా అద్దెవాళ్ళు ఏమనుకుంటారో అని" అంది. మిగతా వాళ్ళని అడిగితే ఇంటి ధర పడిపోతుందని అంటారు. ధర ఎవరు తగ్గిస్తారంటే, కొనేవాళ్ళట. కొనేవాళ్ళకి కూడా పట్టింపు ఉండదు, తరవాత కొనేవాళ్ళకి ఉంటుందేమోనని. పట్టింపు ఉన్న మనిషిని మటుకు నేను పన్నెండేళ్ళలో చూడలేదు. అందరూ ఆ మనిషి కోసం జాగ్రత్త పడుతుంటారు.

ఇంకో రికార్డులో ఒక పెద్దాయన కాలేజీ పిల్లలకి చెప్తున్నాడు: బానిసలుగా తెచ్చినవాళ్ళని తక్కువ మనుషులని అంటేనే వాళ్ళ చేత ఊరికే పనిచేయించుకున్న తప్పు తప్పుగా కనబడకుండా ఉంటుంది, కాబట్టి ముందు పని పుట్టింది, ఆ మాట తరవాత పుట్టింది, పని పోయినా మాట ఉండిపోయింది, అని. బానిసత్వపు చట్టం పోయాక కూడా ఎవరు ఏ వీధిలో ఉండాలో బ్యాంకులు గీతలు గీశాయట. వీధిని బట్టి బడి, బడిని బట్టి ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టి మళ్ళీ వీధి. నాకు చటుక్కున సూరిబాబు గారి కాఫీ గుర్తొచ్చింది. అమెరికా వాళ్ళు కూడా ఊళ్ళో ఎటువైపని అడుగుతారన్నమాట.

ఇంకా ఒకరున్నారు, మన డాక్టరు గారు. ఆయన రికార్డులు అమెరికా వాళ్ళు "బాగా యాస" అన్న డబ్బాలో పడేసి పంపేవారు. మాకు మాత్రం ప్రతి అక్షరం మంచినీళ్ళలా అర్థమయ్యేది. కచ్చితంగా మన వైపు ఆయనే. "మందులేసుకోలేదు" అన్న ఒకే సంగతిని ఆయన రెండు రకాలుగా చెప్పేవారు. తెల్ల రోగి అయితే, "మందులు వేసుకోవడానికి ఇబ్బంది పడుతున్నారు." నల్ల రోగి అయితే, "చెప్పిన మాట వినే రకం కాదు." నాకు తెలియలేదు. గ్రేస్ గారు నాలుగు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూపించారు.

"డాక్టరు గారు మనవాడే కదండీ, ఇక్కణ్ణించి వెళ్ళేటప్పుడు లగేజీ ఏదీ మర్చిపోలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. గ్రేస్ గారు ఫైళ్ళు మూసేసి ఆవిడ సీటుకి వెళ్ళిపోయారు. జోకు వేసేశాక ఇక ఆ విషయంలో చేయాల్సింది అయిపోయినట్టుంటుంది. నాకున్న పెద్ద జబ్బు ఇది. మీకు కూడా ఉంటే కొంచెం చూసుకోండి.

డెనీస్ గారి ఫైలు

డెనీస్ గారు ఒక వృద్ధాశ్రమంలో ఆయా. నల్లావిడ. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం ఆవిడ పని. తొమ్మిదేళ్ళు చేశాక ఆవిణ్ణి బట్టలుతికే గదిలోకి మార్చారు. కారణం, కొందరు తెల్ల ముసలివాళ్ళు ఆవిడ చేతి ముద్ద తినం అన్నారు. మేనేజరు, "సరే, ఆ గదుల్లోకి నువ్వు వెళ్ళకు" అన్నాడు. ఆవిడ ఫిర్యాదు చేసింది.

ఆశ్రమం వాళ్ళ సమాధానం ఏమిటంటే, అలా అన్నది ఒక్కసారే అని. ఒక పెద్దావిడ బాగా కలత పడి ఉన్న రోజున, ఆ ఒక్క పూటకి వెళ్ళవద్దన్నామని. ఒక్కసారే అయితే ఫిర్యాదు మూసేస్తారు. రోజూ అంటూ ఉంటే అది వివక్ష. మొత్తం వ్యవహారం ఆ ఒక్క ముక్క మీద ఉంది. విచారణకి ముందు ఆవిడ చెప్పిన వాంగ్మూలం రికార్డు చేసి మాకు పంపారు. అది నాకు వచ్చింది.

ఆవిడ అన్నది, "దే బీ టెల్లింగ్ మీ, డోంట్ గో ఇన్ దట్ రూమ్." నేను టైపు చేసింది, "దే టోల్డ్ మీ." అంటే, వెళ్ళవద్దన్నారు. ఎప్పుడో, ఒకసారి. ఆ మాట ఆవిడ ఏడుసార్లు అంది. ఏడుసార్లూ దిద్దాను. పట్టుదల గల మనిషిని.

ఇంకో మూడుచోట్ల "వినబడలేదు" అని టైపు చేశాను. అదే కేసులో మేనేజరు వాంగ్మూలం కూడా నేనే చేశాను. ఆయన ఏదో నములుతూ మాట్లాడాడు. ఆ నమిలిన మాట కోసం కాలు పీకేదాకా పెడల్ తొక్కి, పక్కవాళ్ళని పిలిచి వినిపించి, అక్షరం పోకుండా పట్టుకున్నాను. ఆయన వాంగ్మూలంలో వినబడని చోటు ఒక్కటి కూడా లేదు.

నెల తరవాత డెనీస్ గారి లాయరు నుంచి ఉత్తరం వచ్చింది. నా క్లయింటు చెప్పిన అర్థాన్ని మీరు మార్చేశారు, విచారణ వచ్చే మంగళవారం, టైపు చేసిన కాగితమే అసలు రికార్డు, దాన్ని సవరించాలంటే టైపు చేసిన వాళ్ళే రాతపూర్వకంగా సవరించాలంటున్నారు, దయచేసి మళ్ళీ వినండి, అని. ఆ రోజు శుక్రవారం.

శుక్రవారం

సూరిబాబు గారు నన్నూ గ్రేస్ గారినీ తన గదిలోకి పిలిచారు.

"ఏవండీ రాంబాబు గారూ, ఏంటీ గొడవ?"

"చూస్తానండి. స్పీకరు గ్రామరు కొంచెం... "

గ్రేస్ గారు అప్పటికే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఒక్కసారి విన్నారు. నేను వినబడలేదన్న మూడు మాటల్నీ వరసగా పైకి చదివేశారు. పెడల్ తొక్కలేదు.

"ఇది 'అన్నారు' కాదండి," అన్నారు ఆవిడ. "'అంటా ఉంటారు'. ఎప్పుడూ జరిగేదానికి వాళ్ళు అలా 'బీ' పెడతారు. ఒకసారి జరిగిందానికి పెట్టరు. నియమం ఉందండి దానికి. మా మామ్మ కూడా అంతే, 'మునసబు గారు కేకేత్తా ఉంటారు' అనేది. బళ్ళో నేను అలాగే అంటే మాస్టారు 'కేక వేశారు' అని రాయించి, క్లాసంతా నవ్వించేరు. మునసబు గారు ఒకసారే కేకేసినట్టయిపోయింది."

సూరిబాబు గారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. "బాగుందమ్మా. కానీ మన స్టైల్ గైడులో గ్రామరు సరిచెయ్యమని ఉంది. ఆ ప్రకారం చేశామని ఒక లైను రాసి పడేద్దాం. తప్పని ఒప్పుకుంటే పాత ఫైళ్ళన్నీ తిరగదోడతారు. కాంట్రాక్టు పోతే ఇరవై ఇళ్ళలో పొయ్యి ఆరిపోద్ది."

"గ్రామరు సరిచెయ్యమన్నారండి. అర్థం మార్చమన్లేదు."

"అయినా చివర చెకింగు నీదే కదమ్మా? అప్పుడు నువ్వేం చేస్తున్నావ్?"

పదేళ్ళలో నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు. సూరిబాబు గారు నన్ను "మీరు" అంటారు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దావిడని "నువ్వు" అంటారు. రోజూ వింటూనే ఉన్నాను. చెవులతో బతికినవాణ్ణి.

గ్రేస్ గారు ఫైలు పాత కాపీ తెరిచి కంప్యూటరు ఆయన వైపు తిప్పారు. ఆ వాక్యం పక్కన ఆవిడ ఎర్ర గుర్తు పెట్టి రాసిన మాట ఉంది: "ఇది అలవాటుగా జరిగేది, ఒక్కసారి కాదు. దయచేసి మళ్ళీ వినగలరు." చివరి మాట సీనియర్ టైపిస్టుది, అంటే నాది, కాబట్టి దాని కింద నేను రాసిన జవాబు ఉంది: "గ్రామర్ మిస్టేక్. దిద్దేశాను." దాని పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఆ నవ్వు బొమ్మని ముగ్గురం కాసేపు చూశాం.

"నేను ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నట్టున్నానండి," అన్నాను.

"రాంబాబు గారూ," అన్నారు గ్రేస్ గారు, గొంతు ఏమీ పెంచకుండా, "ఒక్క పది నిమిషాలు జోకులు ఆపుతారా? అక్కడ ఆవిడ కేసు పోతా ఉంది."

ఆపాను. ఆపితే గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. కింద చెప్పుల కొట్లో ఎవరో సైజు అడుగుతున్నారు.

"నేను టైపు చేశాను, నేనే సంతకం పెడతానండి. గ్రేస్ గారు చెప్పినా వినలేదని కూడా రాస్తాను. కాంట్రాక్టు పోతే నా పేరు చెప్పండి."

"నీ పేరు చెప్తే కాంట్రాక్టు తిరిగొచ్చుద్దా?" అన్నారు సూరిబాబు గారు. మొదటిసారి నన్ను "నువ్వు" అన్నారు. నాకు మంచిదే అనిపించింది.

ఆయన చెయ్యి చాపి హెడ్‌ఫోన్లు తీసుకున్నారు. రికార్డులు ఆయన స్వయంగా విని ఏళ్ళయి ఉంటుంది. పెడల్ మీద చెప్పు కాలు పెట్టి, తీసేసి, వట్టి కాలు పెట్టారు. రెండుసార్లు విన్నారు. మేం నిలబడే ఉన్నాం. విన్నాక హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, "ఎంత మర్యాదగా చెప్తుందండీ ఆవిడ," అన్నారు. కొంచెం ఆగి, "కూర్చోండి గ్రేస్ గారూ. ఏం రాయాలో చెప్పండి," అన్నారు.

ఇక్కడ ఎవరైనా మారిపోయారనుకోకండి. సోమవారానికి ఆయన మళ్ళీ "నువ్వు"లోకి వచ్చేశారు. ఆ శుక్రవారానికి మాత్రం "మీరు".

కారణం అనే గడి

సవరణ కాగితంలో ఒక గడి ఉంటుంది: పొరపాటుకి కారణం. ఏడుచోట్ల సవరణలు, వినబడలేదన్న ఆ మూడు మాటలూ రాయడానికి పావుగంట పట్టింది. ఈ గడికి మధ్యాహ్నమంతా పట్టింది.

ముందు, "స్టైల్ గైడు ప్రకారం" అని రాశాను. గ్రేస్ గారు తల అడ్డంగా ఊపారు. తరవాత, "ఆడియో స్పష్టంగా లేనందువల్ల" అని రాశాను.

"ఆడియో బాగానే ఉందికదండీ."

"మరేం రాయమంటారండీ? ట్రైనింగులో అలా చెప్పారని రాయనా?"

"చెప్పేరు. నాక్కూడా అదే గదిలో చెప్పేరు కదండీ."

అది నిజం. ఒకే గది, ఒకే బెంచి, ఒకే నోట్సు. హైదరాబాదు ఆయన మీద నెట్టేద్దామంటే కుదరలేదు. ఆయన చెప్పింది నాకు నచ్చింది కాబట్టి నమ్మాను. గుడి పక్క వీధి వాడికి ఎవరి మాటైనా దిద్దే హక్కు ఉందని చిన్నప్పటి నుంచి ఒక భరోసా ఉంటుంది. ఆ భరోసాకి విమానం టిక్కెట్టు కూడా అక్కర్లేదు, చెప్పుల కొట్టు మీద గదిలో కూర్చుని సముద్రం అవతల మనిషిని దిద్దొచ్చు. అమెరికాలో వివక్షకి కారణాలేమిటని మీరడిగితే పెద్దాయన చెప్పినవన్నీ చెప్తాను, బానిసత్వం, బ్యాంకుల గీతలు, బడులు. అయితే ఆ ఏడు వాక్యాల్లో అమెరికా వాళ్ళెవరి చెయ్యీ లేదు. కోనసీమ చెయ్యి.

చివరికి ఇలా రాశాను: "ఆవిడ తప్పుగా మాట్లాడుతోందని అనుకున్నాను. ఆవిడ సరిగ్గానే మాట్లాడింది. తప్పని చెప్పిన సహోద్యోగి మాట నేను వినలేదు."

గ్రేస్ గారు చదివి, ఒక కామా పెట్టి, పంపేశారు.

విచారణ

మా పనిలో ఏ కథకీ చివర తెలియదు. రోగి బతికాడో లేదో తెలియదు, ఇల్లు దొరికిందో లేదో తెలియదు. కాంట్రాక్టు పోలేదు, అది మటుకు తెలిసింది. పాత ఫైళ్ళు కొన్ని తిరగదోడారు. నాలుగు నెలలు నేను చేసినవన్నీ గ్రేస్ గారు రెండుసార్లు చూశారు. భరించాను. ఆవిడ భరించినంత కాదు.

మూడు వారాల తరవాత ఒక పొద్దున్న గ్రేస్ గారు నా సీటు దగ్గరకి వచ్చి, "ఒక ఫైలు మీకే వేశానండి" అని వెళ్ళిపోయారు. తెరిచి చూస్తే డెనీస్ గారి విచారణ.

విచారణాధికారి నా సవరణ కాగితం పైకి చదివారు. నా మూడు వాక్యాలు అమెరికా గొంతులో వింటే ఎవరో వేరేవాళ్ళు రాసినట్టున్నాయి. ఆశ్రమం వాళ్ళ లాయరు లేచాడు. ఎక్కడో ఇండియాలో కూర్చున్న టైపిస్టు అభిప్రాయం మీద ఆధారపడతామా, అతనికి ఇంగ్లీషు ఎంత వచ్చో ఎవరికి తెలుసు, అన్నాడు. కామాలతో సహా టైపు చేశాను. ఆ లాయరు మింగేసిన ఒక మాట కోసం పెడల్ కూడా తొక్కాను. సందేహం న్యాయమైనదే.

అధికారి డెనీస్ గారినే అడిగారు, "దే బీ టెల్లింగ్" అంటే మీ అర్థం ఏమిటని. ఆవిడ చెప్పింది. బట్టల గదికి మార్చక ముందు, డ్యూటీకి వచ్చిన ప్రతి రోజూ, మధ్యాహ్నం భోజనాల బండి తోసే ముందు, ఏ గదులు వదిలెయ్యాలో చెప్తూ ఉండేవారని. ఆ గదుల నంబర్లు చెప్పింది. ఒక గదిలో పెద్దావిడకి తన చెయ్యంటేనే ఇష్టమని, ఆవిడ కొడుకు వద్దన్నాడని చెప్పింది. అధికారి సవరణని రికార్డులోకి తీసుకుంటున్నామన్నారు. ఫిర్యాదు మూసేది లేదు, పూర్తి విచారణ జరుగుతుందన్నారు. నేను టైపు చేశాను. గ్లాసు నీళ్ళు తాగి వచ్చాను.

తరవాత డెనీస్ గారు, ఒక ప్రశ్న అడగొచ్చా అన్నారు. అధికారి అడగమన్నారు.

"ఆ ఇండియా ఆయన. నేను తప్పు మాట్లాడతానని ఆయనకి ఎవరు చెప్పారు?"

"ఆయన ఇక్కడ లేరండి," అన్నారు అధికారి.

"తెలుసు," అన్నారావిడ. "కానీ ఇదంతా ఎవరో ఒకరు విని టైపు చేస్తారుగా? ఆయనే అయితే, ఆయన్నే అడుగుతున్నా. మీకెవరు చెప్పారు?"

ఆవిడ ఎలా అన్నారో అలాగే టైపు చేశాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

ఆ ప్రశ్న తరవాత రికార్డులో మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు. కాగితాల చప్పుడు కూడా లేదు. అధికారి కూడా ఎవరో జవాబిస్తారని ఆగినట్టుంది. నేను పెడల్ తొక్కి ఆ మూడు సెకన్లూ మళ్ళీ విన్నాను. మళ్ళీ తొక్కాను. మూడోసారి తొక్కాక కాలు తీసేశాను. అధికారి గొంతు సవరించుకుని తరవాతి సాక్షిని పిలిచారు.